పెళ్లి సామానంతా ముందే కొనాలా, కాపురం పెట్టాక కొనుక్కోవాలా?

ములుగు రోడ్ అన్న

మా చెల్లి పెళ్లి మాఘంలో ఉంది. పెళ్లయ్యాక ఇద్దరూ కరీంనగర్‌లో ఉంటారు, ఇద్దరి ఉద్యోగాలూ అక్కడే. రెండు గదులు, ఒక వంటగది ఉన్న అద్దె ఇల్లు మాట్లాడుకున్నారు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు.

అమ్మేమో సామానంతా ఇప్పుడే కొనాలంటోంది. మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, స్టీలు బోళ్లు, ఇత్తడి బిందెలు అన్నీ. పెళ్లినాడు సామాను మండపంలో పెట్టి, తర్వాత బండి ఎక్కించి పంపడం మా వైపు ఆనవాయితీ. చెల్లి మాత్రం "ఆ డబ్బు నా పేరు మీద వేయండి, ఇంట్లో దిగాక నాకు కావలసింది నేను కొనుక్కుంటా" అంటోంది. అబ్బాయి వాళ్లు ఏమీ అడగలేదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. అందుకే కాపురం పెట్టినవాళ్లను, ఇళ్లు మారినవాళ్లను అడుగుతున్నాను. ఈరోజు మళ్లీ మొదటి నుంచి ఇల్లు పెట్టాల్సి వస్తే ఏ వస్తువులు మళ్లీ కొంటారు? వేటి జోలికి పోరు? అది తెలిస్తే అమ్మ మాట వినాలో చెల్లి మాట వినాలో తేల్చుకోవచ్చు.

కాజీపేట రైల్వే క్వార్టర్స్

మీ చెల్లి మాటే సరైనది తమ్మీ. మాది ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగం. ఇల్లు మారిన ప్రతిసారీ నేను చూసింది ఒకటే, ఇల్లు చూడకుండా కొన్న పెద్ద సామాను ఆ ఇంట్లో ఇమడదు.

ఆరు అడుగుల వెడల్పు మంచం పదడుగుల గదిలో వేస్తే మిగిలేది నాలుగు అడుగులు. అందులో బీరువా పెడితే దాని తలుపు పూర్తిగా తెరుచుకోదు. లిఫ్ట్ లేదన్నారు కదా, మెట్ల మలుపు దగ్గర సోఫా తిరుగుతుందో లేదో ఎవరైనా కొలిచారా? ఫ్రిజ్ తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో, వంటగదిలో ప్లగ్గు ఎక్కడుందో చూశారా? వాషింగ్ మెషిన్ సంగతి ఇంకా ముఖ్యం. దానికి ఒక నల్లా, నీళ్లు పోయే దారి, 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. ట్యాంకు సరిగ్గా వాళ్ల నెత్తి మీదే ఉంటే నీటి ఒత్తిడి తక్కువగా ఉంటుంది, ఆటోమేటిక్ మెషిన్ నీళ్లు నింపుకోవడానికే చాలాసేపు పడుతుంది.

మళ్లీ ఇల్లు పెట్టాల్సి వస్తే నేను కొనేది నట్లు విప్పి మోసుకెళ్లగలిగే ఇనుప మంచం. అదే మళ్లీ కొంటాను. సోఫా కొనను. వచ్చినవాళ్లు కూర్చోవడానికి నాలుగు కుర్చీలు చాలు. డ్రెస్సింగ్ టేబుల్ బదులు గోడకు ఒక మంచి అద్దం పెట్టుకుంటే సరిపోతుంది.

పరకాల పెద్దమ్మ

బిడ్డా, మీ అమ్మ మాటను అంత తేలిగ్గా తీసేయకండి. నేను మీ అమ్మ వయసుదాన్నే, ఆమె ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు.

బ్యాంకులో డబ్బుంటే అది ఇంటి డబ్బైపోతుంది. మరిది ఫీజు అంటారు, ఆడబిడ్డ కానుపు అంటారు, బండి కొనాలి అంటారు. కొత్త కోడలు కాదనలేదు. ఏడాది తిరిగేసరికి ఆ డబ్బు ఉండదు, ఆ పేరుతో కొన్న వస్తువూ ఉండదు. అదే బీరువా అయితే ఆమె బీరువా. బిందె మీద ఆమె పేరు చెక్కి ఉంటుంది. ఎవరూ కాదనలేరు.

1997-98లో మా వైపు పత్తిని లద్దెపురుగు తినేసింది. ఆ ఏడాది ఓరుగల్లు జిల్లాలో ఎంత మంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో పెద్దవాళ్లందరికీ గుర్తుంది. మా ఇంట్లో ఆ ఏడాది పిల్లల బడి ఆగకుండా చూసింది మా అమ్మ ఇచ్చిన ఇత్తడి. కాగు, రెండు బిందెలు, ఒక గంగాళం తూకానికి అమ్మి ఫీజులు కట్టాను. అమ్మిన తర్వాత బాధపడ్డాను, కానీ ఎవరి దగ్గరా చేయి చాపలేదు. అందుకే సామాను అంటే ఆడంబరం అని ఎవరైనా అంటే ఒప్పుకోను.

సుబేదారి నుంచి ఒకరు

పెద్దమ్మా, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇద్దరూ సంపాదిస్తున్నారు, ఇద్దరూ ఆ ఇంట్లో ఉంటారు. మరి మంచం నుంచి గరిటె దాకా ఒక్క వైపు తల్లిదండ్రులే ఎందుకు కొనాలి? అబ్బాయి వాళ్లు అడగలేదు సరే. మరి సగం కొంటామని అన్నారా? ఆ మాట ఎవరూ ఎత్తరు. "అడగలేదు" అనడమే పెద్ద మంచితనంగా లెక్కేసుకుంటున్నాం.

మండపంలో సామాను పెట్టి చూపించడం వల్ల ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. పక్కింటి పిల్ల పెళ్లికి ఆ లెక్క కొలత అవుతుంది. నేను మా కాలనీలో చూశాను, ఆటో నడుపుకునే ఆయన కూతురి పెళ్లికి డబుల్ డోర్ ఫ్రిజ్ కోసం నెలవారీ వాయిదాలు పెట్టుకున్నాడు. ఆ ఫ్రిజ్ వెళ్లింది ఒక్క గది ఇంటికి. ఒక ఫ్రిజ్ కోసం ఒక తండ్రి రెండేళ్లు అప్పు కట్టడం నాకు మామూలు విషయంగా అనిపించడం లేదు.

అన్నా, నా సలహా ఒకటే. రెండు కుటుంబాలు కూర్చుని, ఆ ఇంటికి కావలసినవి రాసుకుని, ఖర్చు సగం సగం పంచుకోండి. ఆ మాట మీరే ముందు ఎత్తండి.

నయీంనగర్

నేను ఇల్లు రెండోసారి పెట్టినదాన్ని, అందుకే రాస్తున్నాను. 2023 జులై చివరలో హనుమకొండలో కాలనీలు మునిగినప్పుడు మా ఇల్లు కింది అంతస్తు. అదే వానకు భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది, వాళ్ల కష్టం ముందు మాది చిన్నది. కానీ నీళ్లు తీశాక ఏది పనికొస్తుంది, ఏది పోయింది అన్నది కళ్లారా చూశాం.

ప్లైవుడ్ మంచం పొరలు విడిపోయింది. రంపపు పొట్టు, జిగురు కలిపి నొక్కి చేసిన బోర్డు వార్డ్‌రోబ్ ఉబ్బిపోయి, చేత్తో తాకితే రాలిపోయింది. ఫోమ్ పరుపు బురద నీళ్లు పీల్చుకుంది, ఎన్ని ఎండలు పెట్టినా వాసన పోలేదు. ఫ్రిజ్, మిక్సీ, వాషింగ్ మెషిన్ మోటార్లు పోయాయి. స్టీలు బోళ్లు, ఇత్తడి, రుబ్బురోలు, ఇనుప పెంక, ఇనుప మంచం కడుక్కుంటే మళ్లీ వాడుకోవడానికి వచ్చాయి. పాత టేకు పీట ఒకటి ఉంది, అదీ నిలిచింది.

తర్వాత మేం ఏ వరుసలో కొన్నామో అది మీకు పనికొస్తుంది. ముందు గ్యాస్ స్టవ్, కొత్త పైపు. ఆ తర్వాత కుక్కర్. ఆ తర్వాత పడుకోవడానికి చాపలు, చెద్దర్లు. ఫ్యాన్లు. తర్వాత మిక్సీ. ఫ్రిజ్ చాలా ఆలస్యంగా కొన్నాం, రోజూ కూరగాయలు తెచ్చుకుని నడుపుకున్నాం. డబుల్ డోర్ నుంచి సింగిల్ డోర్‌కి వచ్చాం, లోటేమీ కనిపించలేదు. సోఫా ఇప్పటికీ కొనలేదు. టీవీ స్టాండ్, టీపాయ్, షోకేస్ కూడా లేవు. వాటి కోసం మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

పెద్దమ్మ ఇత్తడి గురించి చెప్పింది నిజం. చెల్లి చెప్పిందీ నిజమే. ఇంట్లో ఉండి చూస్తేనే ఏది లేకపోతే రోజు గడవదో తెలుస్తుంది.

జేపీఎన్ రోడ్ స్టీలు దుకాణం

పెళ్లి సామాను అమ్మేవాణ్ని, నాకు లాభం ఉన్న మాటే చెబుతాననుకోవచ్చు. అయినా వినండి.

సెట్లు కొనకండి. 51 వస్తువులు, 101 వస్తువులు అని పెట్టెలో వచ్చేవాటిలో ఎక్కువ భాగం చిన్న గిన్నెలు, చెంచాలు, పల్చటి ప్లేట్లు. మండపంలో చూడ్డానికి నిండుగా ఉంటాయి. తర్వాత అటక మీదికి పోతాయి. అదే డబ్బుకు మందం ఉన్న ఎనిమిది పది బోళ్లు వస్తాయి, ముప్పై ఏళ్లు వాడుకోవచ్చు. స్టీలు తూకానికే అమ్ముతాం కాబట్టి మందం ఉన్నది ఖరీదు ఎక్కువ ఉంటుంది, అది మోసం కాదు.

ఇంకో విషయం. చాలామంది జేబులో అయస్కాంతం పెట్టుకుని వస్తారు. అంటుకోకపోతే మంచి స్టీలు అనుకుంటారు. అది సగమే నిజం. 304 గ్రేడ్‌లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, దానికి అయస్కాంతం అంటుకోదు. కానీ 202 గ్రేడ్‌లో నికెల్ తక్కువ వేసి మాంగనీస్ ఎక్కువ కలుపుతారు, దానికీ అంటుకోదు. 202 చౌక, ఉప్పు, పులుపు తగిలితే త్వరగా మచ్చ పడుతుంది. అయస్కాంతంతో ఈ రెంటినీ వేరు చేయలేరు. ఇండక్షన్ స్టవ్ మీద పెట్టే బోళ్ల అడుగుకు అయస్కాంతం అంటుకోవాలి, లేకపోతే అది వేడే ఎక్కదు. కాబట్టి అంటుకుంది కదా నకిలీ అని కేకలేయకండి. గ్రేడ్ ఏదో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఇంకో దుకాణం చూడండి.

ఊరగాయ, చారు, పులుసు పెట్టే బోళ్లు 304 తీసుకోండి. బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలకు 202 అయినా పర్వాలేదు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. ఒకేసారి కొంటే బేరం బాగా కుదురుతుంది, అది నిజం. పాత ఇత్తడి, రాగి మారకం వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. అందుకని వంట బోళ్ల వరకు అమ్మ మాట వినండి. కరెంటు వస్తువులకు, చెక్క సామానుకు తొందరపడకండి.

భూపాలపల్లి సింగరేణి

బోళ్ల గురించి నాకూ ఒక మాట ఉంది. ఈ మధ్య ప్రతి సామానులో నాన్‌స్టిక్ సెట్ తప్పనిసరిగా ఉంటోంది. నేను మళ్లీ కొనని వస్తువు అదే.

దాని పూత పీటీఎఫ్ఈ అనే పదార్థం. సుమారు 260 డిగ్రీలు దాటితే అది చెడిపోవడం మొదలవుతుంది. మనవాళ్లు వంట మొదలుపెట్టేటప్పుడు ఖాళీ పెంక పెద్ద మంట మీద పెట్టి పక్కపనికి పోతారు, కొద్ది నిమిషాల్లోనే ఆ వేడి వచ్చేస్తుంది. స్టీలు గరిటెతో గీకడం, పీచుతో తోమడం మనకు అలవాటు. పూత లేచిపోతే పారేయాల్సిందే.

ఇక మన సర్వపిండి సంగతి. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కలిపి, మందపాటి సర్వ అనే గిన్నె లోపలి గోడలకు ఒత్తి, వేలితో రంధ్రాలు పెట్టి నూనె పోసి మూతపెట్టి సన్న మంట మీద కాలుస్తాం. ఒకటి తీశాక అదే సర్వను నీళ్లతో చల్లార్చి రెండోది ఒత్తాలి, లేకపోతే చేయి కాలుతుంది, పిండీ నిలవదు. వేడి నాన్‌స్టిక్ మీద అలా నీళ్లు పోస్తే అడుగు వంకర పోతుంది, పూత లేస్తుంది. పల్చటి స్టీలులో అయితే అడుగంటి మాడుతుంది. మందపాటి అల్యూమినియం సర్వ లేదా ఇనుప మూకుడు, ఈ రెండే సరిపోతాయి. మా ఇంట్లో మా అత్త ఇచ్చిన సర్వ ఉంది, అది పోతే ఊరంతా వెతికి అలాంటిదే మళ్లీ కొంటాను.

అల్యూమినియం అని ఎవరూ భయపడనక్కర్లేదు, కానీ అందులో చింతపండు పులుసు, టమాటా కాచకండి, రాత్రంతా నిల్వ ఉంచకండి. పులుపుకు ఆ లోహం కరుగుతుంది. జొన్నరొట్టెకు ఇనుప పెంక. కొన్నాక కడిగి, ఆరబెట్టి, నూనె రాసి కాల్చండి, కొన్నిసార్లు ఇలా చేస్తే నల్లగా నునుపు తేలుతుంది. తడితో వదిలేయకపోతే తుప్పు పట్టదు. చెల్లి ఇంటికి ఇవి రెండూ తప్పకుండా పంపండి.

కాజీపేట రైల్వే క్వార్టర్స్

అన్నా, ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్లు. పొద్దున్నే ఇనుప పెంక ఆరబెట్టి నూనె రాసే తీరిక ఎవరికి ఉంటుంది? నాన్‌స్టిక్ దోసె పెంక ఒకటి ఉంటే అబ్బాయి కూడా దోసె వేయగలడు. సన్న మంట మీద, చెక్క గరిటెతో వాడితే రెండు మూడేళ్లు వస్తుంది. అది పోయే వస్తువు అని తెలిసి కొనుక్కుంటే తప్పేం లేదు.

భూపాలపల్లి సింగరేణి

సరే, ఒక్క దోసె పెంక వరకు ఒప్పుకుంటా. కానీ అబ్బాయి ఇనుప పెంక మీద కూడా దోసె వేయడం నేర్చుకోవచ్చు. సెట్టు మొత్తం మాత్రం వద్దనే అంటున్నా.

కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన వ్యక్తి, హంటర్ రోడ్

సామానులో ఎవరూ పట్టించుకోని వస్తువు సీలింగ్ ఫ్యాన్. అద్దె ఇంట్లో ఉంటుంది కదా అని వదిలేస్తారు. నేనైతే కొత్త కాపురానికి మొదట కొనిచ్చేది అదే.

మామూలు పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. మూడు ఫ్యాన్లకు 48. మన ఎండలకు ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇళ్లకు ఈ 48 యూనిట్ల తేడా చాలా పెద్దది. ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు నడుస్తాయి. ఇల్లు మారేటప్పుడు విప్పుకుని తీసుకెళ్లొచ్చు, పాత ఫ్యాన్ మళ్లీ బిగించి ఇచ్చేయాలి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్ల మీద స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, అది చూసి కొనండి.

ఫ్రిజ్ విషయంలో స్టార్లు మాత్రమే లెక్కపెట్టకండి. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఆ లేబుల్ మీదే అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె చూడండి. స్టార్ల కొలత కొన్నేళ్లకోసారి కఠినం చేస్తారు, అందుకని గోదాములో మిగిలిపోయిన పాత 5 స్టార్, కొత్త కొలతల్లో ఇంకా తక్కువ స్టార్లకు దిగొచ్చు. పెళ్లికి ఆరు నెలల ముందే ఫ్రిజ్ కొని మూల పెట్టడం ఇంకా నష్టం. వారంటీ బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది, వాడకం మొదలయ్యేసరికి సగం ఏడాది పోతుంది. ఈ ఒక్క కారణం చాలు, కరెంటు వస్తువులు ముందే కొనొద్దనడానికి.

మిక్సీ గురించి ఒక చిన్న మాట. రుబ్బుతూ ఉండగా ఆగిపోతే కాలిపోయిందని కొత్తది కొనేస్తున్నారు. చాలా మిక్సీలకు కింద చిన్న బటన్ ఉంటుంది, లోడు ఎక్కువైతే అది బయటికి వస్తుంది. కాసేపు చల్లారనిచ్చి దాన్ని నొక్కితే మళ్లీ తిరుగుతుంది.

నయీంనగర్

సార్ చెప్పిన వాటికి తోడు, గ్యాస్ గురించి నేను చెబుతాను. కుక్కర్, స్టవ్ రెండూ ఐఎస్ఐ గుర్తు ఉన్నవే కొనండి. కుక్కర్లకు 2021 నుంచి ఆ గుర్తు తప్పనిసరి, అయినా సంతల్లో లేనివి దొరుకుతాయి. మీ అమ్మ వాడే కంపెనీ కుక్కరే చెల్లికీ తీసుకుంటే రబ్బరు, విజిల్ ఎక్కడ దొరుకుతాయో వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. రబ్బరు గట్టిపడితే మార్చేయాలి, సేఫ్టీ వాల్వ్ బదులు ఏదీ పెట్టొద్దు. స్టవ్ పైపు మీద గడువు అచ్చు వేసి ఉంటుంది, సురక్ష పైపుకు ఐదేళ్లు. సిలిండర్ వచ్చినప్పుడు దాని మెడ దగ్గర ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన ఏడాది ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, డీ అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. ఆ తేదీ దాటి ఉంటే తీసుకోకండి. కొత్తగా కాపురం పెట్టే పిల్లలకు ఇవి ఎవరూ చెప్పరు.

నీళ్ల మిషన్ కూడా ముందే కొనొద్దు. ఆ ఇంటికి నల్లా నీళ్లా, బోరు నీళ్లా చూసి, నీళ్లలో కరిగిన లవణాల కొలత తీయించండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆర్వో అక్కర్లేదు, యూవీ మిషన్ చాలు. ఆర్వో ఎన్ని మంచినీళ్లు ఇస్తుందో దాదాపు అంతకంటే ఎక్కువే మోరీలోకి వదులుతుంది.

పరకాల పెద్దమ్మ

ఇన్ని సంగతులు చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. సుబేదారి బిడ్డ సగం సగం అన్నది. మంచి మాట, జరిగితే సంతోషమే. కానీ జరగని చోట ఏం చేయాలి? ఉత్త చేతులతో పోయిన పిల్లను అత్తింట్లో ఎట్లా చూస్తారో నేను చూశాను. అందుకే తల్లి భయపడుతుంది. ఆ భయాన్ని ఫ్యాన్ లెక్కలతో తీసేయలేరు. ఇచ్చేది తగ్గించండి, ఏం కొనాలో ఆ పిల్లే చెప్పాలి, అది నాకూ ఒప్పుదలే. కానీ ఏదో ఒకటి ఆమెది అని చెప్పుకునేలా చేతిలో పెట్టండి. డబ్బు వేస్తే అమ్మాయి ఒక్కదాని పేరు మీదే వేయండి.

హనుమకొండ కోర్టు దగ్గర లాయర్

పెద్దమ్మ భయానికి చట్టంలో జవాబు ఉంది, అది చాలామందికి తెలియదు.

పెళ్లిలో అమ్మాయికి వచ్చినవన్నీ ఆమె స్త్రీధనం. సామాను అయినా, నగలైనా, ఆమె ఖాతాలో వేసిన డబ్బైనా ఒకటే. భర్త దగ్గర, అత్తింట్లో ఉన్నా వాళ్లు దాన్ని కేవలం ఆమె తరఫున ఉంచుకున్నట్టే. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడిగితే ఇచ్చేది కట్నం, నేరం. అడగకుండా, ఆచారం ప్రకారం, స్థోమతకు మించకుండా ఇచ్చే కానుకలను చట్టం ఒప్పుకుంటుంది, కానీ వాటి జాబితా రాయాలి. 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ జాబితాలో వస్తువు, సుమారు విలువ, ఎవరు ఇచ్చారు, ఇచ్చినవాళ్లకు వధువుతో గానీ వరుడితో గానీ ఏమైనా బంధుత్వం ఉంటే అది రాసి, వధూవరులు ఇద్దరూ సంతకాలు పెట్టాలి. మన పెళ్లిళ్లలో కట్నాల చదివింపుల పుస్తకం శ్రద్ధగా రాస్తాం, ఈ జాబితా మాత్రం రాయం.

బిందె మీద పేరు చెక్కించడం మంచిదే. సంతకాలున్న కాగితం అంతకంటే బలమైనది.

కొత్తవాడ

పడకల గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. మా ఇంట్లో మగ్గం ఉంది, జంపఖానాలు నేస్తాం. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 1851లో లండన్ ప్రదర్శనకు మన ఓరుగల్లు తివాచీలు వెళ్లాయి. ఈ గొప్ప చెప్పి అమ్ముకోవడానికి రాయడం లేదు. సోఫా లేని ఇంట్లో నలుగురు వస్తే కింద పరిచేది ఇదే కాబట్టి చెబుతున్నా. నూలు జంపఖానా ఉతుక్కోవచ్చు, ఎండలో వేయొచ్చు, మడత పెట్టి బీరువా మీద పెట్టుకోవచ్చు. మిషన్ మీద వచ్చే పాలిస్టర్ కార్పెట్ చౌక, కానీ చెమట పీల్చదు, మన వేసవిలో దాని మీద పడుకోలేం.

పరుపు కూడా దూదిదే చేయించండి. అణిగిపోతే విప్పి, దూది ఏకించి, కొత్త గుడ్డలో మళ్లీ నింపించుకోవచ్చు. దిండ్లకు బూరుగు దూది. అంత పెద్ద పత్తి మార్కెట్ ఎనుమాములలో పెట్టుకుని ఫోమ్ పరుపు కొనడం నాకు నచ్చదు. నడుము నొప్పి ఉన్నవాళ్లకు గట్టి కొబ్బరి పీచు పరుపు మంచిదంటారు, వాళ్ల సంగతి వేరు.

ములుగు రోడ్ అన్న

అందరికీ నమస్కారం. ఇదంతా అమ్మకూ చెల్లికీ చదివి వినిపించాను. పెద్దమ్మ రాసింది విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తన భయం కూడా అదేనని చెప్పింది. చెల్లికి ఆ సంగతి ఇప్పటిదాకా తెలియదు, ఆచారం కోసమే అంటోందనుకుంది.

ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాం. స్టీలు బోళ్లు, ఒక సర్వ, ఇనుప పెంక, కుక్కర్, స్టవ్, దూది పరుపు, జంపఖానాలు ఇప్పుడే కొంటాం. అమ్మ తన ఇత్తడి బిందెలు, గిన్నెలే చెల్లికి ఇస్తానంటోంది. బీరువా మీద ఇంకా గొడవ ఉంది, కరీంనగర్ వెళ్లి గది కొలిచాక చూద్దామన్నాను. ఫ్రిజ్, మెషిన్, ఫ్యాన్లు, మంచం వాళ్లు ఇంట్లో దిగాక. ఆ డబ్బు చెల్లి ఒక్కదాని పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్. సగం సగం మాట అబ్బాయితోనే చెల్లి మాట్లాడింది, ఫ్రిజ్, మెషిన్ తాను కొంటానన్నాడు. సోఫా, డ్రెస్సింగ్ టేబుల్ తీసేశాం. మండపంలో సామాను పెట్టే విషయంలో అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

రెండు సందేహాలు. పాత ఇత్తడి గిన్నెలకు కళాయి (లోపలి తగరం పూత) పోయింది, అలాగే వాడొచ్చా? లాయర్ గారూ, తర్వాత కొనే వస్తువులు కూడా జాబితాలోకి వస్తాయా?

జేపీఎన్ రోడ్ స్టీలు దుకాణం

నీళ్ల బిందెలకు కళాయి లేకపోయినా ఫర్వాలేదు, చింతపండుతో తోమి వాడుకోండి. వంట గిన్నెలకు మాత్రం తప్పకుండా పూయించాలి. కళాయి లేని ఇత్తడిలో చారు, పెరుగు పెడితే చిలుము పడుతుంది, అది విషం. పూసేవాళ్లు తగ్గారు కానీ పాత ఇత్తడి దుకాణాల్లో అడిగితే చెబుతారు. నవాసారం వేసి అసలు తగరంతో పూయమని, మీ ముందే పూయమని చెప్పండి.

హనుమకొండ కోర్టు దగ్గర లాయర్

పెళ్లిలో ఇచ్చినవే జాబితాలో రాస్తారు. డిపాజిట్‌ను కూడా అందులో రాయండి. ఆ డబ్బుతో తర్వాత ఏది కొన్నా బిల్లు మీ చెల్లి పేరు మీదే తీసుకోండి, చెల్లింపు ఆమె ఖాతా నుంచే జరగాలి. అబ్బాయి కొనేవి అతని పేరు మీద. జాబితా రెండు ప్రతులు రాసి, ఒకటి చెల్లి దగ్గర, ఒకటి మీ అమ్మ దగ్గర ఉంచండి.